రెండు చెరువుల షావుకారు

ఎగువూరి షావుకారుకు సొంతూళ్ళో చేపల చెరువుంది. ఆ రాబడి చాలక దిగువూరి చెరువు మీద కన్నేశాడు. దిగువూరు కరువూరు, వయసు పిల్లలంతా వలసబాట పట్టిన ఊరు. "చెరువు నాకివ్వండి, వల లాగేవాళ్ళకు రోజూ కూలి దొరుకుతుంది" అన్నాడు. ఊరి తరఫున పటేల్ వేలిముద్ర వేశాడు. లాభంలో సగానికి కాస్త ఎక్కువే షావుకారుకని రాసుకున్నారు.

కొన్నేళ్ళు బాగానే నడిచింది. తర్వాత చేపల ధర పడిపోయింది. ఖర్చు తగ్గించమని షావుకారు కబురంపాడు. రాత్రిళ్ళు కట్ట మీద తిరిగే నీరటిని మాన్పించారు. తూము తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోతే వచ్చే ఏడు చూద్దామన్నారు. వానల్లో చేపలు కొట్టుకుపోకుండా మత్తడికి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చారు.

ఒకసారి షావుకారు తన ఊరి నీరటిని పంపి చెరువు చూసి రమ్మన్నాడు. ముసలి నీరటి కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. "మత్తడి మూశారు, తూము కదలడం లేదు, కాపలా లేదు. కట్ట కిందే ఇళ్ళున్నాయయ్యా, గట్టి వాన కొడితే నిలవదు" అని వచ్చి చెప్పాడు. షావుకారు ఆ మాటలు చిట్టాలో రాయించి, చిట్టా మూశాడు.

ఆశ్లేష కార్తెలో ఓ రాత్రి గట్టి వానే కొట్టింది. కట్ట తెగింది. కింది వాడ నిద్రలోనే పోయింది.

మిగిలినవాళ్ళు ఎగువూరి పంచాయితీకి వెళ్ళారు. "చెరువు వాళ్ళ ఊరిది, బస్తాలు పేర్చింది వాళ్ళ మనుషులు. తీర్పు చెప్పడానికి వాళ్ళ పెద్దమనుషులు చాలరా?" అన్నాడు షావుకారు. నిజమేనన్నారు అక్కడి పెద్దలు. సరేనని దిగువూళ్ళో పంచాయితీ పెట్టి కబురు చేస్తే, "నేను ఆ ఊరివాణ్ణి కాను" అని జవాబొచ్చింది. కొంత సొమ్ము మాత్రం పంపి, లెక్క తీరిందని కాగితం రాయించుకున్నాడు. దాని మీదా పటేల్ వేలిముద్రే.

మనవణ్ణి పోగొట్టుకున్న అవ్వ ఒకతె నడిచి ఎగువూరు వెళ్ళింది. అక్కడి మత్తడి తెరిచే ఉంది, చేపలకు వల ఒక్కటే అడ్డం. కట్ట మీద ఇద్దరు నీరట్లు. షావుకారు అరుగు ముందు నిలబడి, "ఈ మత్తడికి బస్తాలెందుకు కట్టలేదయ్యా?" అని అడిగింది.

"అదేమిటవ్వా, ఆ కట్ట కింద మా ఇళ్ళున్నాయి కదా!" అన్నాడు షావుకారు, ఆలోచించకుండానే.

నీతి:

అత్యాశ చేటు అని చెప్పి ఊరుకుంటే షావుకారు తేలిగ్గా బయటపడతాడు. అతని అసలు నేరం ఆశ కాదు, తెలిసి ఉండటం. చెరువును ఎలా కాపాడాలో అతనికి తెలుసు. ఆ తెలివిని ఒక ఊరికి వాడి, రెండో ఊరికి ఖర్చనుకున్నాడు.

భోపాల్‌లో జరిగింది ఇదే. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ 610వ నంబరు ట్యాంకులో నీళ్ళు చేరి, 40 టన్నుల దాకా మిథైల్ ఐసోసైనేట్ బయటపడి బస్తీలను కమ్మేసింది. ట్యాంకును చల్లగా ఉంచే యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. వాయువును కాల్చేసే ఫ్లేర్ టవర్ పనిచేసే స్థితిలో లేదు. ఫ్యాక్టరీని నడిపిన భారత కంపెనీలో 50.9 శాతం వాటా అమెరికా మాతృసంస్థదే. 1982లో అక్కడి నుంచి వచ్చిన నిపుణులే భోపాల్ లోపాలను రాసిచ్చారు. కేసు న్యూయార్క్ వెళితే, విచారణకు భారత కోర్టులే తగినవని వాదించి 1986లో మాతృసంస్థ నెగ్గింది. తీరా భోపాల్ కోర్టు క్రిమినల్ కేసులో పిలిస్తే హాజరు కాలేదు. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. బాధితుల తరఫున ఒప్పుకున్నది మన ప్రభుత్వమే. ఆ మొత్తం చాలదని మళ్ళీ అడిగితే 2023లో సుప్రీంకోర్టు కాదంది.

అది పాతకథ అనుకోవడానికి లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్ళలోకి వచ్చింది. 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ దక్షిణ కొరియా ఎల్‌జీ కెమ్ అనుబంధ సంస్థది. ఊరిని లేపాల్సిన సైరన్ ఆ రాత్రి మోగలేదు.

మన చట్టం మరీ బలహీనమైనదేం కాదు. ప్రమాదకర పరిశ్రమ హాని చేస్తే సాకు ఏదైనా సరే యజమానే బాధ్యుడని శ్రీరామ్ ఫ్యాక్టరీ గ్యాస్ కేసులో 1986లోనే సుప్రీంకోర్టు తేల్చింది. చిక్కల్లా ఆ బాధ్యత సముద్రం దాటి మాతృసంస్థను పట్టుకోలేకపోవడమే. ఐక్యరాజ్యసమితి 2011లో కంపెనీల కోసం మార్గదర్శక సూత్రాలు తెచ్చింది కానీ, అవి పాటించకపోతే శిక్ష లేదు.

అనుమతి ఇచ్చే ముందే అడగాల్సింది ఒకటుంది: ఇదే సరుకును మీ దేశంలో ఏ జాగ్రత్తలతో తయారు చేస్తున్నారు, ఇక్కడ అందులో దేన్ని తగ్గిస్తున్నారు? జవాబు కింద మాతృసంస్థ సంతకం ఉండాలి, మన కోర్టుకు లోబడతామన్న మాటతో సహా. అలా అడిగితే పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుందని ప్రతి రాష్ట్రానికీ భయం. పటేల్ వేలిముద్ర వేసిందీ ఆ భయంతోనే. కాబట్టి దీన్ని రాష్ట్రాల ఇష్టానికి వదలకుండా కేంద్రమే చట్టంలో రాయాలి.