సద్గ్రంథమును చదువు విధము

జీవనధర్మమును బోధించు గ్రంథమును చదివి మెచ్చుకొనుట సులభము. అది మనలనుద్దేశించియే పలికినదని గ్రహించుట కష్టము.

1904వ సంవత్సరమున గాంధిమహాత్ముడు జోహానెస్‌బర్గునుండి డర్బనునకు పోవుచు, మిత్రుడొకడిచ్చిన పుస్తకమును రైలులో చదివెను. అది రస్కిను రచించిన 'అన్‌టు దిస్ లాస్ట్'. అందరి మేలునందే తన మేలు గలదనియు, న్యాయవాది పనికిని క్షురకుని పనికిని విలువ యొక్కటియే యనియు, కాయకష్టము చేయువాని బ్రతుకే బ్రతుకనియు దానివలన గ్రహించెను. వీనిలో మొదటిది తానెరిగినదే. రెండవది లీలగా తోచినది. మూడవది యెన్నడును తోచనిది యని యాయనయే యొప్పుకొనెను. ఆ యేడే ఫీనిక్సులో భూమి కొని, 'ఇండియన్ ఒపీనియన్' పత్రికాముద్రణమును అచటికి మార్చి, సేద్యమునకు పూనుకొనెను.

ఫీనిక్సును గూర్చి రస్కిను వ్రాసినది లేదు. చదువరి తన బ్రతుకునే ప్రశ్నగా ముందుంచుకొని చదివెను గనుక ఆ యుత్తరము లభించెను. అట్లయిన నెవరికి తోచిన యర్థమును వారు చేసికొనవచ్చునా యని కొందరడుగుదురు. నచ్చిన వాక్యములను మాత్రమే యేరుకొనినచో ఆ పఠనము మన స్వార్థమునకు వ్యాఖ్యానమే యగును. మనలను నొప్పించిన వాక్యమునొద్ద నిలువవలెను.

మేమీ సూత్రములను సభలలో పలుమారు వినిపించితిమి. ఒకనాడు మాయింట అంట్లు తోమునామె జీతము పెంచుమని యడుగగా, "ఈపాటి పనికా?" యంటిమి. ఆమె మారుపలుకక పోయి పని చేసికొనెను. రెండవ సూత్రము మాకానాడర్థమయ్యెను. జీతము పెంచితిమి. మూడవదానిని ఇప్పుడిప్పుడే నేర్చుకొనుచున్నాము: మా కంచమును మేమే కడుగుకొనుచున్నాము.