బ్యాంకు ఇవ్వని 22 లక్షలు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హైదరాబాదులో ఇల్లు వెతుక్కునే జంట ఎవరైనా ముందు అడిగేది ‘ఈఎంఐ ఎంత పడుతుంది?’ అని. బ్యాంకు ఏజెంటు ఫోన్లోనే చెప్పేస్తాడు. 64 లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే నెలకు 55,500 చిల్లర. రెండు జీతాలు వచ్చే ఇంట్లో ఆ అంకె పెద్దగా భయపెట్టదు. గడువంతా కడితే వడ్డీయే 69 లక్షలు దాటుతుందని ఏజెంటు చెప్పడు, వీళ్లూ అడగరు.

ముందుగా అడగాల్సింది బ్యాంకు ఇవ్వనిది ఎంత అని.

80 లక్షల పాత ఫ్లాటునే లెక్కకు తీసుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే ఇంటి అప్పు, ఇంటి విలువలో 80 శాతం మించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపనివ్వరు. అంటే 16 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 6 లక్షలు. ఇక్కడికే 22 లక్షలయింది. ప్రాసెసింగ్ ఫీజు, వకీలు ఫీజు, బ్రోకరు కమీషను, పాత ఓనరు ఎగ్గొట్టి పోయిన మెయింటెనెన్సు బాకీ ఇంకా లెక్కలోకి రానే లేదు. కడుతున్న ఫ్లాటైతే మామూలుగా 5 శాతం జీఎస్టీ అదనం. పైగా ఇల్లు చేతికొచ్చేదాకా అద్దె ఒకవైపు, వడ్డీ ఒకవైపు.

ఈ అంకె చూసి గుండె గుభేలుమన్నప్పుడే అమ్మేవాడు ఓ ఉపాయం చెబుతాడు. ‘కాగితం మీద 55 చూపిద్దాం సార్, మిగతా పాతిక నగదు.’ రిజిస్ట్రేషన్‌లో లక్షా ఎనభై వేల పైన మిగులుతుందని కొనేవాడు సంబరపడతాడు. కానీ బ్యాంకు కాగితంలోని 55 లక్షలకే లెక్కగట్టి 44 లక్షలు ఇస్తుంది. నగదు 25, కాగితం ధరలో బ్యాంకు ఇవ్వని 11, రిజిస్ట్రేషన్ 4 చిల్లర కలిపితే చేతి నుంచి పెట్టేది 22 కాస్తా 40 లక్షలవుతుంది! రేపు అదే ఇల్లు అమ్మితే లాభం కూడా 55 నుంచే లెక్కించి పన్ను వేస్తారు. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోవడం 2015 నుంచి నిషిద్ధం. ఇదంతా లెక్కల మాట. మామయ్యగా చెప్పేది అంతకన్నా చిన్నదే: కాపురం పెట్టబోయే ఇంటి మొదటి కాగితమే అబద్ధంతో మొదలుకావద్దు.

ఇక రిపేర్లు. పాత ఫ్లాటు కొన్నవాళ్ల కళ్లు ముందు మాడ్యులర్ కిచెన్ మీద, ఫాల్స్ సీలింగ్ మీద పడతాయి. డబ్బు మాత్రం కనపడని చోట పోతుంది. పాత బాత్రూమ్‌లో టైల్స్ ఊడదీస్తే లోపల తుప్పుపట్టిన జీఐ పైపు బయటపడుతుంది. అది మార్చాలంటే గోడకు గాడి కొట్టాలి, మళ్లీ ప్లాస్టరింగ్ చేయాలి, నేలకు వాటర్‌ప్రూఫింగ్ వేయాలి. తర్వాత నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాటు సీలింగులో చెమ్మ దిగుతుందేమో ఒకటి రెండు రోజులు చూడాలి. డబ్బు బిగుసుకున్న ఇళ్లలో మొదట ఎగిరిపోయేది ఈ పరీక్షే. ఆర్నెల్ల తర్వాత కింది వాళ్లు తలుపు కొడితే కొత్త టైల్స్ మళ్లీ పగలాల్సిందే. వైరింగు సంగతీ అంతే. ఫ్యాన్లకు, ఒక ఫ్రిజ్‌కు వేసిన పాత వైరు మీద మూడు ఏసీలు, రెండు గీజర్లు తగిలిస్తే అది ఎంతకని మోస్తుంది? అందుకే పైపులు, వైర్లు, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక మిగిలిన డబ్బుతోనే అందాలు. అరమరల రంగు రెండేళ్లు ఆగినా కొంప మునగదు.

పనివాళ్లతో ఒప్పందం నోటిమాటగా వదిలేయకూడదు. లేబరు ఒక్కటేనా, మెటీరియల్‌తో కలిపా, ఏ దశకు ఎంత అన్నది కాగితం మీద ఉండాలి. టైల్స్ పది శాతం ఎక్కువగా, ఒకే బ్యాచ్‌లోవి తెప్పించుకోవాలి. తర్వాత కొంటే రంగు కలవదు. ఎస్టిమేటు మీద కనీసం పదిహేను శాతం విడిగా పెట్టుకోకపోతే ఆ లోటు చివరికి పడేది మేస్త్రీ కూలీ మీదే. ఇటాలియన్ మార్బుల్‌కు బేరమాడనివాళ్లు పెయింటరు ఆఖరి వారం కూలీ దగ్గర గీచిగీచి బేరమాడటం చాలా ఇళ్లలో కనిపించే దృశ్యం. ఆ పని మన ఇంట్లో జరగకూడదు.

అమ్మ నగలు, నాన్న గ్రాట్యుటీ వాళ్లిస్తామన్నా లెక్కలో కలపొద్దు. 22 లక్షలు, రిపేర్ల డబ్బు, ఆర్నెల్ల ఈఎంఐ మీ ఇద్దరి ఖాతాలో ఉన్నాకే అడ్వాన్సు చెక్కు రాయాలి. ఈలోగా మీరు చూసుకున్న ఫ్లాటు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించి, లింకు డాక్యుమెంట్ల జిరాక్సులతో కలిపి పంపితే మామయ్య సరిచూసి పెడతాడు.