పరదుఃఖము – చిత్రకళ

పరుల దుఃఖమును జూచి కన్నీరు విడుచుట యొకటి. దానిని సుందరచిత్రముగా మలచుట వేఱొకటి. ఈ రెండవది ధర్మమేనా?

1816లో మెడూసా యను ఫ్రెంచి యోడ ఆఫ్రికా పడమటి తీరమున నిసుకతిప్పపై చిక్కుకొనెను. పడవలలో చోటు చాలక సుమారు 150 మందిని తెప్పపై నెక్కించి, త్రాళ్లు విడిచి పోయిరి. 13 దినములకు మిగిలినవారు 15 గురు. ఆఁకటికి శవమాంసము తినినవారు. 1819లో జెరికో ప్రదర్శించిన చిత్రమున వీరి దేహములు మల్లుర దేహములవలె నున్నవి! శవముల ముందు కూర్చుండి చిత్తురువులు వ్రాసికొనిన యాతఁడు, డొక్కలెండిన మనుష్యుఁ డెట్లుండునో యెఱుఁగఁడా? ఎఱుఁగును. కాని రొమాంటిక్ చిత్రకారులకుఁ గన్ను చూచినదానికన్న హృదయావేగమే ప్రమాణము. బక్కచిక్కినవానిని జూచి జాలిపడి తొలఁగుదుము. మనవంటి దేహమే తెప్పపై లేచి దూరపు టోడను బిలుచుచుండఁగాఁ దొలఁగలేము.

ఈ సమాధానము నాకే పూర్తిగా తృప్తి నొసఁగలేదు. బ్రతికివచ్చిన సావిన్యీ, కొరెయార్ అను నిరువురు చిత్రకారుని యెదుట స్వయముగా నిలిచిరి. చచ్చినవారి సమ్మతి నెవ రడిగిరి?