తీరం దాటాక

ముదిగుబ్బకు సముద్రం లేదు. తూర్పుకు పోతే నెల్లూరు తీరం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పడమటికి పోతే కర్ణాటక తీరం నాలుగు వందలకు దగ్గర. అయినా అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురం-కదిరి రోడ్డు మీది ఈ ఊళ్లో జనం మాట్లాడుకునేది సముద్రం గురించే. పొద్దున్నే హోటల్లో ఉగ్గాణి, బజ్జి ప్లేటు చేతిలో పట్టుకుని, టీవీలో అడుగున పరుగెత్తే అక్షరాలకేసి చూస్తుంటారు.

"యాడుందప్పా వాయుగుండం?"

"చెన్నై కాడ దాటుతాదంట."

"మన పక్కకేమన్నా తిరుగుతాదా?"

ఇలా ఆరా తీసేవాళ్లలో తిరుపతి కొండ ఎన్నోసార్లు ఎక్కినా, అక్కడి నుంచి ఇంకో వంద కిలోమీటర్లు పోయి అలలు చూడనివాళ్లున్నారు. వాళ్ల కంటికి ఆనే సముద్రమంటే సంతలో గోనెపట్ట మీద పోసిన ఎండుచేపలు, రాళ్లుప్పు, అంతే. బతుక్కు తగిలే సముద్రం మాత్రం ఆ వాయుగుండమే.

నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని మా దాకా తేలికగా వస్తాయి. ఏడాదికి ఈ ప్రాంతంలో పడేది సగటున 550 మిల్లీమీటర్లు. అందులో పావు వంతుకు పైన ఈశాన్యం ఇవ్వాల్సిందే. ఈశాన్యమంటే బంగాళాఖాతం, అల్పపీడనాలు, తుపాన్లు. సెప్టెంబరు మొహం చాటేసిన ఏడాది, చెరువులో తుమ్మచెట్లు తప్ప ఏమీ కనిపించని ఏడాది, మాకు మిగిలే ఆశ అదొక్కటే.

నా మనసులో ముల్లు గుచ్చుకునేది ఇక్కడే. తీరంలో పడవలు ఒడ్డుకు లాక్కుని 'తప్పిపోతే చాలు' అనుకునే గాలినే, మేం 'తప్పిపోకుంటే చాలు' అనుకుంటాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది మంది పోయారు. ఆ తేదీ గుర్తున్న ఇంట్లో కూర్చుని మా కోరికను బయటికి చెప్పగలమా? మేం కోరేది ఉప్పెన కాదు, రెండు రోజుల ముసురు. కానీ ఉప్పెనను అక్కడే ఆపేసి ముసురును మాత్రం మాకు పంపే ఏర్పాటు ఎక్కడా లేదు.

మంచీచెడూ మన చూపులోనే ఉన్నాయని వేదాంతులు అంటారు. ఆ మాటతో నాకు పూర్తిగా పొత్తు కుదరదు. చూపు మార్చుకోవచ్చు, మిట్టచేను మార్చుకోలేం. నిలబడిన చోటే చాలావరకు మన కోరికను తయారుచేస్తుంది.

అంత దూరం ఎందుకు, ఊళ్లోనే చూడండి. వేరుశనగ చెట్టు పూసి ఊడలు దిగే వేళకు వాన కావాలి. ఎర్రనేల గట్టిపడితే ఊడ దిగదు, కాయ కట్టదు. చెట్లు పీకి ఆరేశాక అదే వాన పడితే కట్టె నల్లబడుతుంది, పశువులు ముట్టవు, కాయలు చేలోనే మొలకెత్తుతాయి. ముందు విత్తినాయన పట్టల కోసం వెతుకుతుంటాడు. కందికి ఇంకో పదును కావాల్సినాయన మబ్బుకేసి చూస్తుంటాడు. ఇద్దరి చేలకూ మధ్య ఒక్క గట్టే. ఇద్దరూ మొక్కుకునేదీ ఒకే కదిరి నరసింహస్వామికి. ఆ స్వామి ఇబ్బంది నేను ఊహించుకోగలను.

అయితే చినుకు మొదలైనప్పుడు చూడాలి. వాన రావల్లని వారం రోజులుగా కలవరించినాయనే గట్టు దాటి పరుగెత్తి, పక్కచేలో వామి మీద కప్పే పట్టకు ఒక కొన పట్టుకుంటాడు. అలాగని తన కోరికేమీ వదులుకోడు. పట్ట కప్పి ఇంటికొచ్చి, వాన నిలిచిపోతే దిగులు పడతాడు. ఆ దిగులూ ఆ సాయమూ ఒకే మనిషివి కావడం నాకు వింతగా తోచదు. మనిషి నుంచి అంతకంటే ఎక్కువ ఆశించడమే అన్యాయం అనిపిస్తుంది.

కోరుకున్నది మరీ నిండుగా వచ్చిన ఏడాదీ ఉంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటిన వాయుగుండం వానలను మోసుకుని సీమ మీద పడింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగా కనిపించే చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో పైకి లాగాల్సి వచ్చింది. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. ఆ రాత్రే కదిరిలో భవనం కూలి పసిపిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. దివిసీమ ఉప్పెన తేదీ కూడా అదే, 44 ఏళ్ల తేడాతో.

కరువు మాకు నీటి విలువ నేర్పింది గాని, నీటికి దారి వదలడం నేర్పలేదు. ఎండిన వంకను ఖాళీ జాగా అనుకుని ఇళ్లు కట్టుకున్నాం. తీరం వాళ్లకు తుపాను షెల్టర్లున్నాయి, తరాలుగా వచ్చిన భయముంది. మాకు ఆ భయం కూడా లేదు. అది లేకపోవడం అదృష్టమని నేను అనుకోను.

టీవీకి మాత్రం తుపాను తీరం దాటగానే కథ అయిపోతుంది. కొబ్బరిచెట్ల మధ్య తడుస్తూ మాట్లాడిన విలేకరి మైకు కట్టేస్తాడు, వార్తలు రాజకీయాల్లోకి వెళ్లిపోతాయి. ముదిగుబ్బలో మేం అసలు చూడటం మొదలుపెట్టేది అప్పుడే. కోస్తాలో ఉన్న పాఠకులకు ఒక మాట: ఈసారి గండం గడిచి మీరంతా క్షేమమని తెలిశాక, అది ఎటు మళ్లిందో కూడా ఒకసారి కనుక్కోండి. మా వైపు వచ్చి ఉంటే, ఫోన్ చేసి ఎంత పడిందని అడగండి. చాలిందా, మించిందా అని కూడా అడగండి.