ఒక చెవి బిడ్డకి

అమ్మలూ, పిల్లల థియేటర్లో పోస్టింగ్ పడిందని మీ అమ్మ ఫోన్ చేసింది. మన మూలపేట పిల్ల మత్తు డాక్టరై విశాఖలో పసిబిడ్డల తల దగ్గర కూర్చోబోతోందంటే మావయ్యగా నాకెంత సంతోషమో! ఇన్నేళ్ళు అదే కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఒక్క మాట చెబుతాను, మనసులో పెట్టుకో. ఎన్ని మానిటర్లున్నా ఒక చెవి మాత్రం బిడ్డకే ఇవ్వు.

గుండె మీద అంటించి ఉంచే ప్రికార్డియల్ స్టెతస్కోపు ఇప్పుడు చాలాచోట్ల సొరుగుల్లో పడి ఉంటోంది. దాన్ని బయటికి తియ్యి. గత శతాబ్దం తొలి పదేళ్ళలోనే న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ తన ఆపరేషన్లలో మత్తిచ్చేవాళ్ళ చేత గుండె చప్పుడు ఆపకుండా వినిపించేవాడు. 1950ల్లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో మత్తు డాక్టర్ రాబర్ట్ స్మిత్ దాన్ని పసిపిల్లల మత్తుకి తప్పనిసరి అలవాటు చేశాడు. అప్పటికి పల్స్ ఆక్సీమీటరే లేదు. జపాన్‌లో తకువో అవొయాగి దాని సూత్రం చెప్పింది 1974లో.

ఇప్పుడు ఆక్సీమీటరుంది కదా, ఇదెందుకంటావేమో. పసిబిడ్డ కిలో బరువుకి వాడుకునే ఆక్సిజన్ పెద్దవాళ్ళకి సుమారు రెట్టింపు. ఊపిరితిత్తుల్లో నిల్వ తక్కువ. ఊపిరి ఆగిన క్షణానికీ వేలి దగ్గర సాచురేషన్ పడే క్షణానికీ మధ్య ఎడం ఉంటుంది. చెయ్యి చల్లబడితే అంకె అసలే కనబడకపోవచ్చు. కాటరీ వాడినప్పుడల్లా ఈసీజీ గీతలు చెదిరిపోతాయి. అప్పుడు కూడా నీ చెవిలో బిడ్డ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది.

మత్తివ్వక ముందే స్టెతస్కోపు బెల్లుని ఛాతీకి ఎడమవైపు, గుండె, ఊపిరి రెండూ బాగా వినబడే చోట టేపుతో అంటించు. ఎడమవైపే ఎందుకంటే, అప్పుడే పుట్టిన బిడ్డ గాలిగొట్టం నాలుగైదు సెంటీమీటర్లే. మెడ కాస్త వంగినా అందులో వేసిన ట్యూబు కిందికి జారి కుడి ఊపిరితిత్తిలోకి పోతుంది. అప్పుడు ఎడమవైపు గాలి చప్పుడు తగ్గిపోతుంది. ఛాతీ మీద ఆపరేషన్ అయితే ట్యూబు వేశాక అన్నవాహికలోకి దింపే స్టెతస్కోపు వాడు. ఆపరేషన్ అన్నవాహికకే అయితే మాత్రం దాని జోలికి పోకు.

ఇక ఏం వినాలి? మత్తు ఎక్కువైనా, రక్తం తగ్గినా గుండె చప్పుడు మందగించి దూరంగా వినిపిస్తుంది. పసిబిడ్డ గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం పెద్దగా పెరగదు కాబట్టి అంతా వేగం మీదే నడుస్తుంది. నిమిషానికి 120 నుంచి 160 కొట్టుకోవాల్సిన గుండె 100 కిందికి దిగుతుంటే అట్రోపిన్ కోసం చెయ్యి చాపే ముందు ఆక్సిజన్ అందుతోందో లేదో చూడు. స్వరపేటిక బిగుసుకుంటే మొదట కూత వినబడుతుంది. పూర్తిగా మూసుకుంటే కూత కూడా ఉండదు. ఛాతీ ఎగిరిపడుతూనే ఉంటుంది కాబట్టి చూసేవాళ్ళకి ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది. రొంప పట్టిన పిల్లల్లో ఇది ఎక్కువ, అందుకే ఆపరేషన్ ముందే ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విను.

మన ఊరి పడవల్లో చూశావుగా, ఇంజను మోతలోనే కలాసీలు హాయిగా నిద్రపోతారు. ఆ మోతలో పిసరంత తేడా వస్తే చటుక్కున లేచి కూర్చుంటారు. నీ చెవికీ ఆ అలవాటు రావాలి. అది రోజూ వింటేనే వస్తుంది. బాగున్న బిడ్డ చప్పుడు వందసార్లు విన్న చెవికే బాగులేనిది పట్టుబడుతుంది.

అలాగని మానిటర్లని చిన్నచూపు చూడకు తల్లీ. చిన్న ఛాతీలో చప్పుళ్ళు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతాయి. ట్యూబు పొట్టలోకి వెళ్ళినా గాలి వెళ్తున్నట్టే వినిపించొచ్చు. ట్యూబు సరైన దారిలో ఉందో లేదో తేల్చేది ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని చూపే కాప్నోగ్రాఫే. అంకె, చెవి రెండూ కలిసి చెప్పినప్పుడే నమ్ము. రెండింటికీ పొత్తు కుదరకపోతే ముందు బిడ్డని చూడు, తర్వాతే మిషన్ని.

రేపు నువ్వు టెక్కలికో పలాసకో వచ్చి పనిచేస్తావని నా ఆశ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో నీకూ తెలుసు. జనరేటర్లు, బ్యాటరీలు ఉంటాయి, కాదనను. అవి కూడా మొండికేసిన పూట కరెంటు అడగని పనిముట్టు ఈ స్టెతస్కోపు.

మొదటి జీతంలో నాకేమీ కొనకు. వినికిడి మిషన్లు అమ్మే చోటికి వెళ్ళి నీ చెవి కొలతకి స్టెతస్కోపు మోల్డు చేయించుకో. సరిగ్గా అమరకపోతే చెవి నొప్పి పుట్టి అరగంటకే తీసేస్తావు. ఒక చెవికే పెట్టుకో, రెండోది సర్జన్ మాటకి, థియేటర్ చప్పుళ్ళకి వదిలెయ్యి. నీ వెనకాల వచ్చే పిల్లలకి కూడా ఆ చప్పుడు వినిపించు.