ఆ పడవ అందరిదీ: మత్స్యావతారం చెప్పే తుఫాను పాఠం

ఓం నమో నారాయణాయ.

ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా మన కోస్తా వాళ్ళకి పండుగల కాలమే కాదు, తుఫానుల కాలం కూడా. అందుకే ఈ వారం మత్స్యావతార కథని ఆ దృష్టితో చెప్పుకుందాం.

ఈ కథ భాగవతం అష్టమ స్కంధంలో ఉంది. ద్రవిడ దేశాన్ని ఏలే సత్యవ్రత మహారాజు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి ఒక చేపపిల్ల వచ్చింది. కాపాడమంటే కమండలంలో వేశాడు. తెల్లారేసరికి కమండలం చాలలేదు. పెద్ద పాత్ర చాలలేదు, చెరువు చాలలేదు. చివరికి సముద్రమే కావలసి వచ్చింది. అప్పుడు స్వామి చెప్పాడు, ఏడో రోజున లోకాలన్నీ మునిగిపోతాయని, పడవ ఒకటి వస్తుందని.

నాకు ఈ కథ చదివినప్పుడల్లా రేడియోలో వచ్చే వాతావరణ వార్తలు గుర్తొస్తాయి. ముందు అల్పపీడనం అంటారు. తర్వాత వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను. దోసిట్లో ఉన్నప్పుడే పట్టించుకున్నవాడు బతుకుతాడు.

"రాసిపెట్టి ఉంటే ఎవరు తప్పిస్తారండీ, అంతా ఆయనే చూసుకుంటాడు" అని చాలామంది నాతో అంటుంటారు. భక్తితోనే అంటారు, నేను కాదనను. కానీ ఒక్కమాట ఆలోచించండి. అంతా ఆయనే చూసుకునేట్టయితే, ఏడు రోజుల ముందు కబురు ఎందుకు పెట్టినట్టు? సత్యవ్రతుడు మహాభక్తుడు. అయినా చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఓషధులు, విత్తనాలు సిద్ధం చేసుకున్నాడు. ప్రళయం గడిచాక మళ్ళీ పంట పండాలి కదా! వాసుకిని తాడుగా చేసి పడవని స్వామి కొమ్ముకి కట్టాడు. ముందు కబురు పంపడం భగవంతుడి దయ. దాన్ని విని కదలడం మన వంతు.

ఇంకో సంగతి ఉంది. ఆ పడవ రాజుగారి కుటుంబం కోసం రాలేదు. సప్తర్షులు, సకల ప్రాణులు అందులో ఎక్కాలని స్వామి ఆజ్ఞ. కబురు ఒక్కడికే అందింది, పడవ మాత్రం అందరిదీ. ఈ అవతారంలో నాకు కనబడే ధర్మం ఇదే.

1977 నవంబర్ 19, కార్తీక మాసం, శనివారం. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పదివేల మంది పోయారు. 1999 అక్టోబర్‌లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లో కూడా దాదాపు అంతమందే పోయారు. అదే ఒడిశాకి 2013 అక్టోబర్‌లో ఫైలిన్ వచ్చింది. అదీ అతి తీవ్ర తుఫానే. కానీ ఈసారి మృతులు పదుల్లోనే ఉన్నారు. సముద్రం కరుణించిందా? లేదండీ. కబురు ముందే అందింది, షెల్టర్లు కట్టి ఉన్నాయి, లక్షల మందిని ముందే తరలించారు. ఇన్నేళ్ళలో మనుషులు సిద్ధం కావడం నేర్చుకున్నారు.

మరి మన ఊళ్ళో కబురు ఎవరి దాకా వెళ్తుంది, ఎవరి దగ్గర ఆగిపోతుంది? రొయ్యల చెరువు గట్టు మీద గుడిసెలో కాపలా ఉండే పక్క రాష్ట్రం కుర్రాడికి తెలుగు రాదు. కాలవ గట్టున ఉండే యానాది కుటుంబం దాకా ఊళ్ళో వేసిన టముకు వినబడదు. చెవులు వినబడని తాతకి మైకు ఎంత గట్టిగా పెట్టినా లాభం లేదు. షెల్టరులో ఆడవాళ్ళకి వేరే మరుగుదొడ్డి లేదని బాలింత కదలదు. గేదెని వదిలి రానంటుంది ఒక ముసలమ్మ. "అక్కడికి మమ్మల్ని రానిస్తారా" అని ఇంకొకరు గుమ్మంలోనే ఆగిపోతారు. ఆ చివరి మాట వింటే నా గుండె తరుక్కుపోతుంది. తుఫాను రాత్రి గుడి మండపం ఎవరి కులమూ అడగకూడదు. అడిగితే అందులో దేవుడున్నాడని నేను చెప్పలేను.

అందుకే ఈ కార్తీకంలో మీ ఊరి గుడి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. మసీదు పెద్దలని, చర్చి పాస్టరుగారిని, మత్స్యకారుల కులపెద్దని, ఆశా కార్యకర్తని పిలవండి. రాలేని వాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి. వెళ్ళి ఉపదేశం చేయకండి, అడగండి. ఏ దారి ముందు మునుగుతుందో, ఏ గట్టు తెగుతుందో వాళ్ళకే బాగా తెలుసు. మంచం దిగలేని వాళ్ళెవరో, వాళ్ళని మోసుకొచ్చేది ఎవరో పేర్లతో రాసుకోండి. పశువులని ఏ మెరక మీద కట్టాలో ముందే అనుకోండి. మూడు మైకుల్లోనూ ఒకేమాట వచ్చేట్టు చూడండి. ఎవరి మనిషి చెబితే వాళ్ళు నమ్ముతారు.

ఇంట్లో ఒక సంచి సిద్ధంగా పెట్టుకోండి. అందులో ఆధార్, పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో, రోజూ వేసుకునే మందులు, టార్చిలైటు, అటుకులు, మంచినీళ్ళు ఉండాలి. 112, జిల్లా కంట్రోల్ రూమ్ 1077 నంబర్లు గోడ మీద రాసి ఉంచండి.

కార్తీక దీపం పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. మీ వీధి చివర ఇంట్లో ఎవరున్నారో మీకు తెలుసా? తెలియకపోతే రేపే వెళ్ళి పలకరించండి. అదీ ఆ స్వామికి మనం చేసే అర్చనే.

శుభం. జై శ్రీమన్నారాయణ.