పసి భుజాల మీద రాజ్యం



నాన్న చెప్పులు తొడుక్కుని పిల్లలు ఇల్లంతా తిరుగుతుంటారు. కాసేపటికి విడిచేసి అమ్మ ఒడిలో చేరతారు.

పంజాబ్ మహారాజు దులీప్ సింగ్‌కు ఆ అదృష్టం దక్కలేదు. ఐదేళ్లకే గద్దెనెక్కించారు. తల్లి మహారాణి జిందాన్‌ను ఆంగ్లేయులు దూరం చేశారు. 1849లో ఆ పదేళ్ల బాలుడి చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. రాజ్యం పోయింది. కోహినూరు పోయింది. తర్వాత ఇంగ్లండుకు పంపారు. మళ్లీ అమ్మను కలిసేనాటికి ఆయన యువకుడు. ఆమెకు చూపు దాదాపు పోయింది.

పసివాడికి కావలసింది పెద్దల అండ. ఆ పసివాడికి పెద్దల బరువు మిగిలింది.

మన పిల్లలకూ కావలసింది పెద్దల అండే. మన తీరని ఆశలు వాళ్ల భుజాల మీద మోపవద్దు. ఈరోజు కాసేపు వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పేది వినండి.